రాయవేలూరు డాక్టరమ్మ

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి మీకు తెలుసు. ఒక రోడ్డు కడపకు పోతుంది. ఒకటి ప్రొద్దుటూరుకు, ఒకటి బద్వేలుకు పోతాయి. ఇంకొకటి ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల, కర్నూలు వైపు పోతుంది. పసుపు మూటలు, ఉల్లిగడ్డల బస్తాలు ఎక్కించుకొని లారీలు పోతుంటాయి. ఆ సందడిలో ఒక్కోసారి ఒక కుటుంబం బస్సు కోసం ఎదురుచూస్తూ కనబడుతుంది. వాళ్ల చేతిలో బట్టల సంచి ఉంటుంది. సంచిలో ఎక్సరే కవర్లు, పాత మందుచీటీలు ఉంటాయి. పక్కన దుప్పటి కప్పుకొని ఒక మనిషి కూర్చొని ఉంటుంది.

"యాడికి పోతాండారమ్మా?" అని అడగండి.

"రాయవేలూరికి" అంటారు.

రాయవేలూరు అంటే వేలూరు. అది తమిళనాడులో ఉంది. కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు దాటి పోవాలి. జబ్బు ముదిరితే రాయవేలూరికి పోవడం మన జిల్లాలో చాలా ఇళ్లకు పెద్దవాళ్ల నాటి నుంచి అలవాటు. దగ్గరలో జమ్మలమడుగులో కూడా పాత ఆసుపత్రి ఒకటి ఉంది. లండన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ క్యాంబెల్ పేరు మీద దాన్ని క్యాంబెల్ ఆసుపత్రి అంటారు. అక్కడా మన వాళ్లు ఎందరో పురుళ్లు పోసుకున్నారు. అయినా "రాయవేలూరులో చూపించినాం" అన్నారంటే, ఇక చూపించాల్సిన చోటు లేదని అర్థం.

ఆ ఆసుపత్రి పెట్టింది ఒక ఆడమనిషి. ఆమె పేరు ఐడా స్కడర్. ఆమె ఒక చిన్న ఊరి డాక్టరు కూతురు. ఆమెకు డాక్టరు కావాలనే కోరిక ఏ మాత్రం లేదు. మరి ఎందుకు అయింది? ఆ కథ చదువుదాం.

డాక్టర్ల ఇల్లు

ఐడా తాత పేరు జాన్ స్కడర్. ఆయన అమెరికాలో న్యూయార్కు నగరంలో డాక్టరు. వైద్యం చేస్తూ, తన మతం గురించి చెబుతూ బతకాలని 1819లో భార్యతో కలిసి ఓడ ఎక్కాడు. మొదట సింహళం చేరాడు. ఆ దేశాన్నే ఇప్పుడు శ్రీలంక అంటున్నాం. తరువాత 1836లో మద్రాసు వచ్చాడు. ఆయనకు చాలామంది కొడుకులు. వాళ్లలో ఏడుగురు ఈ దేశంలోనే పనిచేశారు. అందరిలో చిన్నవాడి పేరు కూడా జానే. ఆయన కూడా డాక్టరే. ఆ చిన్న జాన్ కూతురే మన ఐడా.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. రాణిపేట వేలూరికి దగ్గరే. తల్లి పేరు సోఫియా. ఐడాకు అయిదుగురు అన్నలు. ఆమె ఒక్కతే ఆడపిల్ల.

ఆ రోజుల్లో జిల్లాలు ఇప్పటిలా లేవు. వేలూరు, చిత్తూరు, తిరుపతి అన్నీ ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలో ఉండేవి. మదనపల్లె మన కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె అందులోకి పోయింది. స్కడర్ల మిషన్‌కు చెందిన డాక్టర్ జేకబ్ ఛేంబర్లేన్ 1863 నుంచి మదనపల్లెలో వైద్యం చేశాడు. ఆయన తెలుగు బాగా నేర్చుకున్నాడు. 1908లో మదనపల్లెలోనే చనిపోయాడు. అంటే ఈ కథ ఎక్కడో దూరదేశంలో జరిగింది కాదు. మన సరిహద్దులోనే జరిగింది.

ధాత కరువు మాట మీరు వినే ఉంటారు. మన పెద్దలు వాళ్ల పెద్దల దగ్గర విన్న కరువు అది. 1876 నుంచి 1878 వరకు వానల్లేవు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం లక్షల్లో చనిపోయారు. ఆ కరువు వేలూరు వైపు కూడా పాకింది. అప్పుడు ఐడాకు ఆరేడేళ్లు. ఆకలితో నీరసించిన పిల్లలు వాళ్ల ఇంటి దగ్గర పడి ఉండేవాళ్లు. కొందరికి చెయ్యెత్తి తినే బలం కూడా లేదు. ఐడా రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి ఆ పిల్లల నోట్లో పెట్టేది. ఆరేళ్ల పిల్ల చేత చేయించే పనేనా అది? కానీ ఆ ఇంట్లో అందరూ ఏదో ఒక పని చేయాల్సిందే.

కరువు తరువాత ఆ కుటుంబం అమెరికాకు పోయింది. కొన్నాళ్లకు తండ్రి మళ్లీ ఇక్కడికి వచ్చేశాడు. ఆ తరువాత తల్లి కూడా వచ్చేసింది. ఐడాను అక్కడే చుట్టాల ఇంట్లో వదిలి వచ్చారు. తల్లి బయలుదేరిన రాత్రి ఆ పిల్ల తల్లి దిండులో ముఖం దాచుకొని ఏడ్చిందట. డాక్టరు పని గొప్పదే. కానీ డాక్టరు పిల్లలకు అమ్మానాన్న దూరం. ఈ బాధ ఐడా మనసులో చాలా ఏళ్లు ఉండిపోయింది. అందుకే ఆమె గట్టిగా నిర్ణయించుకుంది. తాను మళ్లీ ఆ దేశం పోదు. ఆ పని చేయదు. అమెరికాలోనే చదువుకుంటుంది, మంచి సంబంధం చూసి పెళ్లి చేసుకుంటుంది, సుఖంగా ఉంటుంది.

ఆ రాత్రి

1890లో తల్లికి జబ్బు చేసిందని తంతి వచ్చింది. ఐడా ఇష్టం లేకుండానే బయలుదేరింది. అప్పుడు తల్లిదండ్రులు తిండివనం అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లు. అది మద్రాసుకు దక్షిణాన ఉంది. తండ్రి అక్కడ డాక్టరు. తల్లి కోలుకునేదాకా ఉండి తిరిగి పోవాలని ఐడా అనుకుంది. తల్లికి సాయంగా ఉంటూ, ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతూ కొంతకాలం గడిపింది.

ఒక రాత్రి ఆమె దీపం దగ్గర కూర్చొని ఉంది. వరండాలో అడుగుల చప్పుడు అయింది. తలుపు దగ్గర ఒక బ్రాహ్మణ యువకుడు నిలబడి ఉన్నాడు. తన భార్యకు కాన్పు కష్టమైందని, మంత్రసాని చేతిలో కావడం లేదని, వచ్చి చూడమని ఐడాను అడిగాడు. ఆ భార్య వయసు పద్నాలుగేళ్లు.

ఐడా తనకు వైద్యం రాదని చెప్పింది. మా నాన్న డాక్టరు, ఆయన్ను తీసుకుపొమ్మంది. ఆ యువకుడు ఒప్పుకోలేదు. పరాయి మగవాడు తన భార్యను తాకకూడదన్నాడు. తలవంచుకొని వెళ్లిపోయాడు.

కాసేపటికి మళ్లీ అడుగుల చప్పుడు వినిపించింది. ఈసారి వచ్చింది ఒక ముస్లిం. ఆయన భార్యకూ అదే కష్టం. ఐడా తండ్రిని పిలిచింది. తండ్రీ కూతురూ ఇద్దరూ ఆయనకు నచ్చజెప్పి చూశారు. తాను పక్కనే ఉండి, నాన్న ఏం చెబితే అది చేస్తానని కూడా ఐడా అన్నది. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ల ఇంట్లో ఆడవాళ్ల ముఖం బయటి మగవాళ్లు చూడరు. ఆయనా వెళ్లిపోయాడు.

అదే రాత్రి మూడో మనిషి వచ్చాడు. మళ్లీ అదే మాట. మళ్లీ అదే జవాబు.

ఐడాకు నిద్ర పట్టలేదు. తెల్లవారేటప్పటికి వీధిలో డప్పుల మోత వినిపించింది. చావు డప్పు. ఆమె పనిమనిషిని పంపి ఆ ముగ్గురి సంగతి కనుక్కోమంది. ముగ్గురూ రాత్రే చనిపోయారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆ ముగ్గురు భర్తలు చెడ్డవాళ్లు అని చాలామంది అంటారు. నాకు అట్లా అనిపించదు. భార్య మీద ప్రేమ లేనివాడు అర్ధరాత్రి పరాయి వాళ్ల ఇంటికి పరుగెత్తుకు రాడు. ఒకరి తరువాత ఒకరు వచ్చారు, బతిమాలారు. కానీ కట్టుబాటు దాటే ధైర్యం వాళ్లకు లేకపోయింది. ఇంకొక మాట కూడా ఉంది. లోపల నొప్పులు పడుతున్న ఆ ఆడవాళ్లను "నువ్వేమంటావు? డాక్టరును రానిద్దామా?" అని ఎవరైనా అడిగారా? ఈ కథలో ఆ మాట ఎక్కడా రాదు. ఆ ముగ్గురి పేర్లు కూడా కథలో లేవు.

ఆ ఊళ్లో డాక్టరు ఉన్నాడు. మందులు ఉన్నాయి. ఆ ఇళ్లు ఎంతో దూరం కూడా కాదు. అయినా ముగ్గురు చచ్చిపోయారు. లేనిది ఒక్కటే. ఆడ డాక్టరు లేదు.

పద్నాలుగేళ్ల పిల్లకు కాన్పు ఎందుకు కష్టం?

ఆ వయసులో ఆడపిల్ల ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. నడుము కింద బిడ్డ బయటికి వచ్చే దారి ఇరుకుగా ఉంటుంది. బిడ్డ తల అందులో పట్టదు. నొప్పులు వస్తూనే ఉంటాయి, బిడ్డ కదలదు. ఒక పగలు, ఒక రాత్రి గడిచేసరికి తల్లి సత్తువ అయిపోతుంది. ఆ కాలంలో చిన్నపిల్లలకు పెళ్లి చేయడం మామూలు. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని ఆ చట్టం చెప్పింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండాలి.

ఆ రోజుల్లో కాన్పులన్నీ ఇళ్లలోనే జరిగేవి. మంత్రసానులు చేసేవాళ్లు. వాళ్లలో మంచి చేయి ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. మామూలు కాన్పు ఒడుపుగా చేసేవాళ్లు. పొట్ట మీద చేయి పెట్టి బిడ్డ తల ఎక్కడుందో చెప్పేవాళ్లు. కానీ బిడ్డ అడ్డం తిరిగితే, రక్తం ఆగకుండా పోతే, గుర్రపు వాతం వస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? బొడ్డు కోయడానికి కొడవలో, మంగలి కత్తో వాడేవాళ్లు. దాన్ని నీళ్లలో మరగబెట్టాలని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. అందుకే ఎందరో పసిబిడ్డలు వారం, పది రోజుల్లో కొయ్యబారిపోయి చనిపోయేవాళ్లు. అది దెయ్యం పట్టి కాదు. అది ధనుర్వాతం. మురికి కత్తి వల్ల వచ్చే జబ్బు. ఇప్పుడు గర్భిణీలకు ధనుర్వాతం సూది వేస్తున్నది అది రాకుండా ఉండటానికే.

ఇది చదివే వాళ్ల ఇంట్లో గర్భిణి ఉంటే ఈ గుర్తులు చదివి వినిపించండి. ముఖం, చేతులు వాచి, తలనొప్పి వచ్చి, కళ్లు మసకబారితే ఆగవద్దు. ఫిట్స్ వస్తే ఆగవద్దు. నెలలు నిండకముందు గానీ, కాన్పు అయ్యాక గానీ రక్తం ఎక్కువగా పోతే ఆగవద్దు. నొప్పులు మొదలై పన్నెండు గంటలు దాటినా బిడ్డ రాకపోతే, బిడ్డ చేయి గానీ కాలు గానీ ముందు కనబడితే, బిడ్డ పుట్టి అరగంటైనా మాయ పడకపోతే వెంటనే ఆసుపత్రికి పోవాలి. మన రాష్ట్రంలో 2005 నుంచి 108 బండి ఉంది. ఫోను చేస్తే వస్తుంది. డబ్బు అడగరు.

సరే, కథలోకి వద్దాం.

చదువు

మరునాటి ఉదయం ఐడా తల్లిదండ్రుల దగ్గరకు పోయింది. తాను అమెరికా పోయి డాక్టరు చదువుతానని, తిరిగి వచ్చి ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేస్తానని చెప్పింది. ఎన్నో ఏళ్లుగా కాదన్న పనిని ఒక్క రాత్రిలో ఒప్పుకుంది.

ఆడవాళ్లు వైద్యం చదవడం అప్పటికి కొత్తే. అయినా ఐడా మొదటి ఆమె కాదు. మద్రాసు వైద్య కళాశాలలో 1875లోనే ఆడవాళ్లను చేర్చుకున్నారు. వాళ్లలో మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు ఆమె ఒకరు. ఆమె పూనికతో 1885లో మద్రాసులో గోషా ఆసుపత్రి వచ్చింది. అంటే ఆడవాళ్ల కోసం ఆడ డాక్టర్లు పనిచేసే ఆసుపత్రి. కానీ తిండివనం లాంటి చిన్న ఊరికి అటువంటిది ఎప్పుడొస్తుంది?

ఐడా 1895లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆడవాళ్ల వైద్య కళాశాలలో చేరింది. ఆ కళాశాలలోనే అంతకు ముందు మన దేశపు ఆడపిల్ల ఒకామె చదివింది. ఆమె పేరు ఆనందీబాయి జోషి. మరాఠీ దేశం పిల్ల. తొమ్మిదేళ్లకే పెళ్లయింది. పద్నాలుగేళ్లకు బిడ్డను కన్నది. ఆ బిడ్డ పది రోజులకే చనిపోయింది. ఆ దుఃఖంతోనే ఆమె డాక్టరు కావాలనుకుంది. 1886లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. కానీ క్షయ జబ్బుతో మరుసటి ఏడాదే చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఆమె బతికి ఉంటే ఎంతమందికి వైద్యం చేసి ఉండేదో.

ఐడా కొన్నేళ్ల తరువాత న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలకు మారింది. అక్కడ 1899లో పట్టా పుచ్చుకుంది.

తిరిగి వచ్చే ముందు ఆసుపత్రి కట్టడానికి డబ్బు పోగు చేయాలి. ఎనిమిది వేల డాలర్లు కావాలని ఆమె ఒక పెద్దింటి ఆమెను అడుగుతూ ఉంది. పక్క గదిలో ఆ ఇంటి బంధువు ఒకాయన కూర్చొని ఉన్నాడు. ఆయన పేరు షెల్. బ్యాంకరు. ఆయన భార్య చనిపోయింది. ఐడా చెప్పిన తిండివనం కథ ఆయన చెవిన పడింది. చనిపోయిన తన భార్య పేరు పెట్టాలని చెప్పి పదివేల డాలర్లు ఇచ్చాడు.

వేలూరు

1900వ సంవత్సరం మొదట్లో ఐడా వేలూరు చేరింది. స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్ కూడా తోడు వచ్చింది. అప్పటికి తండ్రి వేలూరులోనే ఉన్నాడు. ఆయన దగ్గర కొంతకాలం పని నేర్చుకోవచ్చని ఐడా అనుకుంది. కానీ కొన్ని నెలలకే తండ్రికి క్యాన్సర్ ముదిరి చనిపోయాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని ఐడా ఒంటరిగా మిగిలింది. ఊళ్లోవాళ్లకు ముసలి డాక్టరంటే నమ్మకం. ఈ పడుచు డాక్టరమ్మను నమ్మడానికి కొంతకాలం పట్టింది.

మొదట్లో ఆసుపత్రి అంటే ఆమె ఉండే బంగళాలో ఒక చిన్న గది. అందులోనే మందులు, అందులోనే పరీక్ష. జనం వరండాలో కూర్చునేవాళ్లు. నర్సు లేదు. కాంపౌండరు లేడు. ఇంట్లో పనిచేసే సలోమి అనే ఆమెకు ఐడా పని నేర్పింది. గాయాలు కడగడం, కట్లు కట్టడం, మందు సీసాలు అందించడం సలోమి నేర్చుకుంది. ఆపరేషన్ చేసేటప్పుడు కూడా ఆమే తోడు. వేలూరు ఆసుపత్రి గురించి రాసేవాళ్లు ఐడా గురించి పుటలు పుటలు రాస్తారు. సలోమి గురించి ఒకటి రెండు మాటలు రాసి వదిలేస్తారు. ఆమె లేకపోతే ఐడా మొదటి రెండేళ్లు ఎట్లా గడిచేవి?

తల్లి సోఫియా కూడా కూతురి దగ్గరే ఉండిపోయింది. ఆ తల్లికి చిన్నప్పుడు కూతురిని వదిలిపెట్టి వచ్చిన బాధ ఉండేదేమో. ఇప్పుడు మాత్రం వదలలేదు. ముసలితనం దాకా వేలూరులోనే ఉంది. ఐడా పెళ్లి చేసుకోలేదు.

మొదటి రెండేళ్లలో ఐడా దాదాపు అయిదు వేల మందిని చూసింది. 1902లో ఆసుపత్రి కట్టడం పూర్తయింది. నలభై పడకలు. దాత భార్య పేరు మీద మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి అని పేరు పెట్టారు.

చెట్టు కింద వైద్యం

ఆసుపత్రి వేలూరులో ఉంది. జబ్బులు పల్లెల్లో ఉన్నాయి. పల్లె ఆడవాళ్లు పొలం వదిలి, పిల్లలను వదిలి వేలూరు దాకా ఎట్లా వస్తారు? బండి కట్టాలంటే మగవాళ్లకు తీరిక ఉండాలి. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

అందుకని డాక్టరమ్మే బయలుదేరింది. మొదట ఎద్దుల బండి, జట్కా బండి మీద పోయేది. 1909లో ఒక చిన్న ఫ్రెంచి మోటారు కారు వచ్చింది. అది తుపుక్ తుపుక్ అని పెద్ద చప్పుడు చేస్తూ పోయేది. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను వచ్చే బండిని పల్లె జనం ఎప్పుడూ చూడలేదు. దెయ్యం వస్తోందని పొలాల్లోకి పరుగెత్తారు. కొన్ని వారాలు పోయేసరికి ఆ చప్పుడు కోసమే ఎదురుచూసేవాళ్లు.

గుడియాత్తం పోయే దారిలో వారం వారం ఒకే రోజు, ఒకే చెట్ల కింద బండి ఆగేది. గుడియాత్తం ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. చెట్టు కింద బల్ల వేసేవాళ్లు. కురుపులు, కంటి జబ్బులు, పంటి నొప్పులు, కుష్ఠు, బాలింత జబ్బులు అన్నీ అక్కడే చూసేవాళ్లు. కుష్ఠు వచ్చినవాళ్లను ఊరు వెలివేసేది. ఆ చెట్టు కింద వాళ్లకూ మందు దొరికేది. ఇప్పుడు మన ఊళ్లకు ఆరోగ్య సిబ్బంది వచ్చి బిడ్డలకు సూదులు వేసి పోతారు కదా. ఇదీ అటువంటి పనే. కాకపోతే నూరేళ్లకు పైగా ముందు.

మగపిల్లల కన్నా మిన్న

ఐడాకు ఒక సంగతి అర్థమైంది. తాను ఒక్కతే ఎంతమందిని చూడగలదు? తిండివనం లాంటి ఊళ్లు వేలు ఉన్నాయి. అన్ని ఊళ్లకూ అమెరికా నుంచి డాక్టరమ్మలు రారు. ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు కావాలి.

ముందు 1909లో నర్సుల బడి పెట్టింది. తరువాత ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెడతానని ప్రభుత్వాన్ని అడిగింది. మద్రాసులోని పెద్ద వైద్యాధికారికి నమ్మకం లేదు. ముగ్గురు పిల్లలు దరఖాస్తు పెట్టినా గొప్పే అన్నట్టు మాట్లాడాడు. అయినా అనుమతి ఇచ్చాడు. 151 దరఖాస్తులు వచ్చాయి. వాళ్లలో కొద్దిమందినే చేర్చుకోగలిగారు. 1918 ఆగస్టులో పాఠశాల మొదలైంది.

అది నాలుగేళ్ల చదువు. పాసైతే ఎల్.ఎం.పి. అనే పట్టా ఇస్తారు. మన ఊళ్లలో ముసలివాళ్లను అడగండి. "ఎల్లెంపీ డాక్టరు" అనే మాట వాళ్లకు బాగా తెలుసు. ఆ కాలంలో చిన్న ఊళ్లలో ఉండే డాక్టర్లు ఎక్కువగా ఎల్.ఎం.పి. వాళ్లే. రోగిని చూడటం, మందు కలపడం, కట్టు కట్టడం అన్నీ ఇంటి ముందు గదిలోనే. అరకు మందు సీసాకు తెల్ల కాగితం ముక్క అంటించేవాళ్లు. దాన్ని గళ్లు గళ్లుగా కత్తిరించేవాళ్లు. ఒక గడి ఒక మోతాదు. చదువు రానివాళ్లు కూడా ఆ గళ్లు చూసి మందు తాగేవాళ్లు. మంచి ఉపాయమే. కానీ తాగే మందుకు, పూసే మందుకు తేడా ఆ గళ్లు చెప్పవు. సీసా మీద అక్షరాలే చెప్పాలి.

వేలూరులో మొదటి పరీక్ష వచ్చింది. మద్రాసు రాజధాని అంతటా ఆ పరీక్ష రాసిన మగపిల్లల్లో అయిదుగురిలో ఒకరు పాసయ్యారు. ఆడపిల్లల సంగతి ఇక చెప్పనక్కర లేదు అని అందరూ అనుకున్నారు. వేలూరు నుంచి పద్నాలుగు మంది రాశారు. పద్నాలుగు మందీ పాసయ్యారు. ముగ్గురు కూడా రారన్న పెద్దమనిషి ఆ రోజు ఏమనుకున్నాడో.

1922లో వాళ్లు డాక్టర్లై బయటికి వచ్చారు.

ముసలితనంలో కష్టం

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందనుకోకండి. 1938 ప్రాంతంలో ప్రభుత్వం ఎల్.ఎం.పి. చదువును ఎత్తివేస్తామంది. ఇక డాక్టరు కావాలంటే ఎం.బి.బి.ఎస్. చదవాలి. దానికి పెద్ద ఆసుపత్రి కావాలి, ఎక్కువ పడకలు కావాలి, పెద్ద చదువులు చదివిన అధ్యాపకులు కావాలి. అంత డబ్బు వేలూరు పాఠశాల దగ్గర లేదు. కొత్త పిల్లలను చేర్చుకోవడం ఆపాల్సి వచ్చింది. ఐడాకు అప్పటికి డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఆ వయసులో మళ్లీ అమెరికా పోయి ఊరూరూ తిరిగి డబ్బు పోగు చేసింది.

డబ్బు రావాలంటే మగపిల్లలను కూడా చేర్చుకోవాలని కొందరు అన్నారు. ఆడపిల్లల కోసం డబ్బు ఇచ్చిన వాళ్లకు ఇది నచ్చలేదు. ఐడాకు పాత స్నేహితురాళ్లు కొందరు దూరమయ్యారు. బాగా ఆలోచించి ఆమె ఒప్పుకుంది. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు మొదలైంది. 1947లో మగపిల్లలను చేర్చుకున్నారు. ఆడవాళ్ల కోసం పెట్టిన బడిలో మగవాళ్లు చేరడం సరైనదా, కాదా? మీరే మాట్లాడుకోండి. ఒప్పుకోకపోతే బడి మూతపడేది. ఇది మాత్రం నిజం.

ఆ తరువాత వేలూరు ఆసుపత్రి చాలా పెరిగింది. కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులను ఆపరేషన్ చేసి సరిచేయడం అక్కడ 1948లో మొదలైంది. చేతులు సరిగ్గా వస్తే మనిషి పని చేసుకొని బతకగలడు. గుండెను తెరిచి చేసే ఆపరేషన్ 1961లో చేశారు. ఐడా అది చూడలేదు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో చనిపోయింది. అప్పటికి ఆమెకు ఎనభై తొమ్మిదేళ్లు.

మన వైపు

మన రాయలసీమలోనూ తరువాత డాక్టరు చదువులు వచ్చాయి. 1956లో కర్నూలులో, 1960లో తిరుపతిలో వైద్య కళాశాలలు పెట్టారు. కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. ఇప్పుడు ఆ కళాశాలల్లో మన పల్లెల ఆడపిల్లలు కూడా చదువుతున్నారు. కాన్పు కష్టమైతే మగ డాక్టరు చూడకూడదని అనేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. కానీ వేరే మాటలు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. "ఆయన రానీ, పోదాం." "అత్త ఒప్పుకుంటే పోదాం." "ఇంకొంచెం సేపు చూద్దాం." ఇట్లా చూస్తూ చూస్తూ తెల్లవారిపోతుంది. మీ వీధిలో ఎప్పుడైనా ఇట్లా జరిగిందా?

ఈ పాఠం చదివాక ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బాగా పెద్దామె ఉంటే ఆమె దగ్గర కూర్చోండి. ఆమె కాన్పులు ఎవరు చేశారో అడగండి. ఎన్ని కాన్పులు, ఎంతమంది బిడ్డలు దక్కారు? బొడ్డు దేనితో కోశారు? డాక్టరు ఎంత దూరంలో ఉండేవాడు? ఏ బండి మీద పోయేవాళ్లు? ఆ మంత్రసాని పేరు తప్పక అడగండి. చెప్పినవన్నీ మీ నోటు పుస్తకంలో రాయండి. తప్పులు వచ్చినా ఫరవాలేదు. పైన ఆ పెద్దామె పేరు, ఊరి పేరు, తేదీ వేయండి. వచ్చే వారం కేంద్రానికి తెచ్చి, ఒకరిది ఒకరు చదివి వినిపించండి.